ఇంటర్‌సెప్టర్ 650: రెండు పిస్టన్లు, తొంభై డిగ్రీల తేడా

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 మీద నా తీర్పు మొదటే చెప్పేస్తాను. ఈ బండి గొప్పతనం ఇంజన్‌లోనూ చట్రంలోనూ ఉంది, కష్టం సీటులోనూ వెనక షాక్ అబ్జార్బర్లలోనూ ఉంది. మూడు లక్షలు దాటిన ధర పెట్టి ఈ రెండింటినీ కలిపే కొనుక్కోవాలి. నేను కొనుక్కున్నాను, మళ్లీ ఎంచుకోమన్నా దీన్నే ఎంచుకుంటాను. ఈ బండి గురించి నాకు వినిపించే మాటల్లో ఎక్కువభాగం శబ్దం, రంగులు, గంటకు ఎంత వేగం పోతుందన్న లెక్కలే. మామూలు రోడ్డు మీద మామూలు వేగంలో ఇది నడిపేవాళ్లతో ఎలా మసలుకుంటుందో ఎవరూ వివరంగా చెప్పడం లేదు కనుక ఈ సమీక్ష రాస్తున్నాను.

నేను నంద్యాలలో ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. ఎత్తు ఐదడుగుల నాలుగు అంగుళాలు. చీర కట్టుకుని కళాశాలకు వెళ్లేది స్కూటర్ మీద. ఇంటర్‌సెప్టర్ సెలవు రోజుల బండి. కర్నూలు, గిద్దలూరు, శ్రీశైలం, బేతంచర్ల, అహోబిలం దారుల్లో ఎక్కువగా తిరిగింది. అంటే నాలుగు వరుసల జాతీయ రహదారి, నల్లమల ఘాట్ మలుపులు, నాపరాళ్ల లారీలు చితక్కొట్టిన రోడ్లు మూడూ చూసింది. నా దగ్గరున్నది 2023లో వచ్చిన అల్లాయ్ చక్రాల రకం, బార్సెలోనా బ్లూ రంగు.

నడుము నిటారుగా పెట్టి, చేతులు సహజంగా ముందుకు చాచి, కాళ్లు మరీ వెనక్కి మడవకుండా కూర్చునే బండ్లను స్టాండర్డ్ రకం అంటారు. చుట్టూ ప్లాస్టిక్ తొడుగులు ఉండవు, పందేలకు పనికొచ్చే వంగిన కూర్పూ ఉండదు. ఒకప్పుడు మోటార్ సైకిల్ అంటే ఇలాగే ఉండేది. 600 నుంచి 800 సీసీ మధ్య ఇంజన్‌తో ఇలాంటి బండి మన దేశంలో సాధారణ ఉద్యోగి అందుకోగల ధరకు చాలాకాలం దొరకలేదు. 2017 నవంబర్‌లో మిలాన్ ప్రదర్శనలో చూపించి, 2018 నవంబర్‌లో రెండున్నర లక్షల షోరూము ధరకు ఇంటర్‌సెప్టర్‌ను మన దేశంలో అమ్మకానికి పెట్టినప్పుడు అందరూ ఆశ్చర్యపోయింది అందుకే. 2019 ఇండియన్ మోటార్‌సైకిల్ ఆఫ్ ది ఇయర్ పురస్కారం దీనికే వచ్చింది.

పేరు పాతదే. 1960లలో ఇంగ్లండ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ ముఖ్యంగా అమెరికా కొనుగోలుదారుల కోసం ఇంటర్‌సెప్టర్ అనే జంట సిలిండర్ల బండి చేసేది. దాని 736 సీసీ రూపం 1970లో ఆగిపోయింది. కొన్నాళ్లకు అక్కడి కంపెనీయే లేకుండా పోయింది. 1955లో మద్రాసులో మొదలైన మన శాఖ మాత్రం బతికి, ఇప్పుడు ఆ పాత పేరుతో చెన్నై దగ్గర బండ్లు చేసి ఇంగ్లండ్‌కే పంపుతోంది. అమెరికాలో ఆ పేరు హోండా హక్కు కనుక అక్కడ దీన్ని ఐఎన్‌టీ 650 అని అమ్ముతారు.

చూడగానే నచ్చే బండి ఇది. నాకు ఎక్కువ నచ్చేది మాత్రం అందంగా కనిపించే ప్రతి భాగమూ పని చేయడం. పెట్రోలు ట్యాంకు ముందు వెడల్పుగా మొదలై సీటు దగ్గరకొచ్చేసరికి సన్నబడుతుంది. ఫొటోల్లో అది ఆకారం, నడిపేటప్పుడు అది మోకాళ్లు ఆనుకునే చోటు. వెడల్పాటి హ్యాండిల్‌కు మధ్యలో అడ్డంగా ఒక కమ్మీ ఉంటుంది. చేతుల మధ్య దూరం ఎక్కువ కావడం వల్ల దాదాపు 217 కిలోల బండిని కూడా కొద్ది బలంతో తిప్పగలం. ఇంజన్ చుట్టూ ఉన్న రెక్కలు గాలికి చల్లబడడానికి పెట్టినవి, అలంకారం కాదు. నీటి రేడియేటర్ లేదు, ముందు రెండు గొట్టాల మధ్య చిన్న ఆయిల్ కూలర్ ఒక్కటే ఉంది. అందువల్ల ఇంజన్ మొత్తం కళ్లెదుట కనిపిస్తుంది. రెండు సైలెన్సర్లు రెండు పక్కలా సమానంగా కొద్దిగా పైకి లేచి వెనక్కి సాగుతాయి. గుండ్రటి దీపం, రెండు గుండ్రటి మీటర్లు. పెట్రోలు బంకులో, టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు దగ్గరకొచ్చి "మేడమ్, ఇది పాత బండికి రంగు వేయించారా?" అని అడుగుతుంటారు. నేను ఇంజన్ చూపించి వివరించకుండా వదిలిపెట్టను.

ఇక ఆ ఇంజన్ సంగతి. సిలిండర్ వ్యాసం 78 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 67.8 మిల్లీమీటర్లు. వైశాల్యాన్ని పొడవుతో గుణించి రెండుతో హెచ్చిస్తే 648 సీసీ వస్తుంది. 47 హార్స్ పవర్. ఇదే పరిమాణంలో నీటితో చల్లబడే కవాసాకీ జెడ్ 650 ఇంజన్ 68 ఇస్తుంది. అంకెలు చూసినవాళ్లు ఇక్కడే పెదవి విరుస్తారు. అసలు చూడవలసిన అంకె మరొకటి: గరిష్ఠ టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 52 న్యూటన్ మీటర్లు, అందులో ఎనభై శాతం నిమిషానికి 2,500 చుట్ల దగ్గరే అందుతుందని కంపెనీ చెబుతుంది. రోడ్డు మీద అది నిజమే అనిపిస్తుంది. పాణ్యం సంతరోజు రద్దీలో, ఎద్దులబండి వెనక మూడో గేరులో మెల్లగా వెళ్తూ, దారి దొరకగానే గేరు మార్చకుండా చెయ్యి తిప్పితే చాలు. తడబాటు లేకుండా, విదిలించకుండా, బరువంతా ఒక్కసారి ముందుకు కదులుతుంది. ఇంజన్‌ను అరిపించి శక్తిని పిండుకోవలసిన అవసరం రాదు.

మొదటి రోజుల్లో నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం టార్క్ కాదు. ఇంత పెద్ద జంట సిలిండర్ల ఇంజన్‌లో ఇంత నునుపు ఎలా వచ్చిందన్నది. దాని జవాబు, పిస్టన్ల పైకీ కిందికీ కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్ షాఫ్ట్‌లో ఉంది. చదువుతున్నవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి, ఎందుకంటే నా దృష్టిలో ఈ బండి కొనడానికి మొదటి కారణం ఇదే.

పాత ఇంగ్లీషు జంట సిలిండర్ల బండ్లలో రెండు పిస్టన్లూ కలిసి పైకి వెళ్లి, కలిసి కిందికి వచ్చేవి. పైకొసలో, కిందికొసలో రెండూ ఒకేసారి ఆగుతాయి, మధ్యలో రెండూ ఒకేసారి పరుగెత్తుతాయి. ఆగిన పిస్టన్లను కదిలించడానికి క్రాంక్ షాఫ్ట్ తన శక్తి ఇవ్వాలి, అవి నెమ్మదించేటప్పుడు ఆ శక్తిని వెనక్కి తీసుకోవాలి. ప్రతి చుట్టులోనూ ఇది రెండుసార్లు జరుగుతుంది. చక్రం దాకా వచ్చే లాగుడులో ఆ ఒడిదుడుకు కలిసిపోతుంది. ఇంటర్‌సెప్టర్ క్రాంక్ షాఫ్ట్‌లో పిస్టన్ల కడ్డీలు తగులుకునే రెండు పిన్నుల మధ్య 270 డిగ్రీలు ఉంటుంది, అవతలి వైపు నుంచి కొలిస్తే 90. ఒక పిస్టన్ పైకొసలో ఆగిన క్షణంలో రెండోది సగం దారిలో, దాదాపు గరిష్ఠ వేగంతో పోతుంటుంది. పిస్టన్ గతిజశక్తి సుమారుగా సైన్ వర్గాన్ని అనుసరించి మారుతుంది. రెండో పిస్టన్ తొంభై డిగ్రీలు తేడాగా ఉంది కనుక దానిది కొసైన్ వర్గం. సైన్ వర్గం, కొసైన్ వర్గం కలిపితే ఒకటి. పదో తరగతి పిల్లలు వల్లెవేసే సూత్రమే ఇక్కడ లోహంలో తిరుగుతోంది. ఒక పిస్టన్ వదిలిన శక్తిని రెండోది అందుకుంటుంది, క్రాంక్ షాఫ్ట్ మీద ఆ ఇచ్చిపుచ్చుకోవడం తాలూకు భారం దాదాపు పడదు. వెనక చక్రానికి చేరేది ఎక్కువగా పెట్రోలు మండి పుట్టిన బలమే. కుడిచేయి కొద్దిగా తిప్పితే ఎంత బలం వస్తుందో ముందే తెలిసిపోయే ఆ స్పష్టత ఇక్కడిది.

మరో లాభం కూడా ఉంది. పిస్టన్లు కొసల్లో తిరిగే తీరు వల్ల చుట్టుకు రెండుసార్లు పుట్టే కంపనం ఒకటి ఉంటుంది. తొంభై డిగ్రీల తేడాలో ఒక పిస్టన్ కంపనం పైకి తోస్తుంటే రెండోదాని కంపనం కిందికి తోస్తుంది, రెండూ రద్దవుతాయి. చుట్టుకు ఒకసారి పుట్టే పెద్ద కంపనం మాత్రం ఈ అమరికలో తనంతట తాను పోదు. దాన్ని అణచడానికి విడిగా ఒక బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు. ఈ రకం క్రాంక్ షాఫ్ట్‌ను మొదట వీధి బండిలో పెట్టింది యమహా, 1995లో టీఆర్‌ఎక్స్ 850లో. రాయల్ ఎన్‌ఫీల్డ్ కనిపెట్టినది కాదు. రెండున్నర లక్షల బండిలోకి దాన్ని తెచ్చిన ఘనత మాత్రం వీళ్లదే.

ఆ చప్పుడు కూడా దీని నుంచే వచ్చింది. మొదటి సిలిండర్‌లో పెట్రోలు మండిన తరువాత 270 డిగ్రీలకు రెండోదానిలో మండుతుంది, ఆ తరువాత 450 డిగ్రీలు ఆగి మళ్లీ మొదటిదానిలో. దగ్గరగా రెండు దెబ్బలు, తరువాత విరామం. సైలెన్సర్లు మార్పించి దీన్ని ఊరంతా వినిపించేలా చేసుకునేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. కంపెనీ ఇచ్చిన సైలెన్సర్లలో ఆ లయ చక్కగా, తగ్గు స్థాయిలో వినిపిస్తుంది. పక్కింటి పసిబిడ్డ నిద్ర లేవకుండా తెల్లవారుజామున బయల్దేరవచ్చు.

నంద్యాల నుంచి గాజులపల్లె దాటి పచ్చర్ల మీదుగా గిద్దలూరు వెళ్లే అడవి దారిలో ఈ బండి ఏమిటో తెలుస్తుంది. మలుపులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, కొన్నిచోట్ల ఎదుటి లారీ దగ్గరకొచ్చేదాకా కనిపించదు. నాలుగో గేరులో యాభై దగ్గర పెట్టుకుంటే చాలాసేపు గేరు తియ్యక్కర్లేదు. మలుపు ముందు యాక్సిలరేటర్ వదిలితే ఇంజనే వేగాన్ని లాగి పట్టుకుంటుంది, మలుపు మధ్యలో సన్నగా తిప్పితే మెల్లగా ఊపందుకుంటుంది. దిగుడులో గబుక్కున గేరు తగ్గించినా వెనక చక్రం జారి అదరకుండా స్లిప్పర్ క్లచ్ కాపాడుతుంది. ఆ క్లచ్ ఎంత తేలికగా ఉంటుందంటే, పాత బుల్లెట్ క్లచ్ నొక్కి అలవాటైన మా మామగారు మొదటిసారి పట్టుకుని, "కేబుల్ తెగిందేమో చూడమ్మా" అన్నారు.

చట్రాన్ని హారిస్ పెర్ఫార్మెన్స్ అనే ఇంగ్లీషు సంస్థ తీర్చింది. పందెపు బండ్ల చట్రాలకు పేరున్న ఆ సంస్థను రాయల్ ఎన్‌ఫీల్డ్ 2015లో కొనేసింది. ఉక్కు గొట్టాలతో చేసిన పాతకాలపు ఊయల చట్రమే అయినా, రెండు చక్రాలూ 18 అంగుళాలవి, వాటి మధ్య దూరం 1,400 మిల్లీమీటర్లు. ఈ అమరిక వల్ల బండి మలుపులోకి తొందరపడి పడిపోదు, మొండికేయదు కూడా. చూపు ఎటు తిప్పితే అటు, మనం అనుకున్నంత వంగి, అక్కడే నిలకడగా ఉంటుంది. మలుపు మధ్యలో గుంత కనిపించి దారి కొంచెం మార్చుకోవలసి వచ్చినా బెదరదు. ఆత్మకూరు నుంచి బైర్లూటి మీదుగా దోర్నాల, అక్కడి నుంచి శ్రీశైలం ఎక్కే దారిలో రోజంతా నడిపినా నా భుజాలు నొప్పి పుట్టలేదు. ఆ అడవి దారి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేస్తారు కనుక తిరుగు ప్రయాణంలో కొంత తొందర ఉంటుంది. అలాంటప్పుడు కూడా వేగం పెంచాలన్న ఆరాటం ఈ బండి పుట్టించదు, దారంతా ఒకే నడకతో తీసుకుపోతుంది.

నాలుగు వరుసల రోడ్డు మీద, కర్నూలు వైపు తమ్మరాజుపల్లె ఘాట్ దాటి ఓర్వకల్లు దాకా, గంటకు 90 దీనికి ఇష్టమైన వేగం. ఆరో గేరులో నూరు పోతున్నప్పుడు ఇంజన్ నాలుగు వేల చుట్లకు అటూ ఇటూ ఉంటుంది, అద్దాల్లో వెనక బండ్లు స్పష్టంగా కనిపిస్తాయి. అంతకన్నా పైన గాలి ఛాతీ మీద పడుతుంది. ముందు అడ్డు లేని ఏ బండి మీదైనా అంతే. 130 దాటించగల శక్తి దీనికి ఉంది కానీ కూర్చునే తీరు దానికోసం చేసినది కాదు.

ఎత్తు, బరువు గురించి చాలామంది ఆడవాళ్లు, పొట్టివాళ్లు అడుగుతారు. సీటు ఎత్తు 804 మిల్లీమీటర్లు. నాకు రెండు పాదాల ముందుభాగం ఆనుతుంది, మడమలు ఆనవు. ఒక పక్కకు జరిగితే ఆ కాలు పూర్తిగా ఆనుతుంది. బండి కదలడం మొదలుపెట్టాక బరువు మాయమవుతుంది. భారమైన భాగాలన్నీ కిందికి ఉండడం, ట్యాంకులో 13.7 లీటర్లే పట్టడం దీనికి కారణం. ఆగి ఉన్నప్పుడు మాత్రం అది పూర్తి బరువే. వాలుగా ఉన్న చోట ముక్కు కిందికి పెట్టి ఆపితే వెనక్కి తీయడం నాలాంటివాళ్లకు చాలా కష్టం, అందుకే ఎప్పుడూ ముక్కు ఎగువకు పెట్టి ఆపుతాను. ఇంకొక చిరాకు ఉంది. కాళ్లు కిందపెట్టి బండిని తోసుకుంటున్నప్పుడు ఫుట్‌రెస్టులు సరిగ్గా మోకాలి కిందిభాగానికి తగులుతాయి. అవి ఉన్న చోటు నడిపేటప్పుడు చాలా బాగుంటుంది, తోసేటప్పుడు గాయం చేస్తుంది. పొడవాటి బూట్లు వేసుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు.

ఇప్పుడు కష్టాల వంతు. వెనక రెండు షాక్ అబ్జార్బర్లకు 88 మిల్లీమీటర్ల కదలిక మాత్రమే ఉంది, ముందు ఫోర్కులకు 110. నున్నటి రోడ్డు మీద ఈ బిగువు మలుపుల్లో నమ్మకం ఇస్తుంది. బేతంచర్ల దారిలో నాపరాళ్లు నింపుకున్న లారీలు తవ్విన గుంతల మీద మాత్రం ముందుభాగం మర్యాదగా దాటుతుంది, వెనకభాగం నడుముకు దెబ్బ వేస్తుంది. స్ప్రింగు బిగువు మార్చుకోవడానికి ఐదు మెట్లు ఉన్నాయి. ఒంటరిగా నడిపే నాబోటి తేలిక మనిషి అన్నిటికన్నా కింది మెట్టులో పెట్టుకున్నా గట్టిగానే ఉంటుంది. ఇద్దరు ఎక్కితే మెరుగుపడుతుంది. ఇలాంటి రోడ్డు వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి సీటు నుంచి కొద్దిగా లేవడం ఒక్కటే మార్గం. ఈ ధరలో, మన దేశంలోనే తయారయ్యే బండికి మన రోడ్లకు తగిన షాక్ అబ్జార్బర్లు ఇవ్వకపోవడం నాకు నిజంగా కోపం తెప్పించే విషయం.

సీటు చూడడానికి అందంగా, బల్లపరుపుగా ఉంటుంది. కూర్చుంటే గంట దాకా బాగుంటుంది, రెండో గంటలో తొడల కింద గట్టిదనం తెలుస్తుంది. 2023 బండ్లలో స్పాంజి మార్చారు, మునుపటి కన్నా మెరుగే, అయినా సరిపోదు. వెనక కూర్చునే మా వారు కర్నూలు దాకా ఏమీ అనరు. అహోబిలం వెళ్లి వచ్చిన సాయంత్రం మాత్రం, "ఇంజన్ గురించి నువ్వు చెప్పేదంతా నిజమే, నేను కూర్చునేది ఇంజన్ మీద కాదు" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. వేరే మందపాటి సీటు విడిగా దొరుకుతుంది. ఇద్దరు కలిసి దూరం తిరగాలనుకునేవాళ్లు దాని ఖర్చును కూడా ధరలో కలిపి లెక్క వేసుకోవాలి.

బ్రేకుల మీద ఫిర్యాదు లేదు. ముందు 320, వెనక 240 మిల్లీమీటర్ల డిస్కులు, గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ రెండు చక్రాలకూ ఉంది. రెండు వేళ్లతో నొక్కితే చాలు, ఎంత నొక్కితే అంత ఆగుతుంది, ఒక్కసారిగా పట్టేయదు. పచ్చర్ల దగ్గర రోడ్డు మీదికి అకస్మాత్తుగా కోతుల గుంపు వచ్చినప్పుడు ఏబీఎస్ పని చేయడం చేతికి తెలిసింది, బండి తిన్నగా నిలబడింది.

నంద్యాల ఎండల సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. మే నెలలో ఇక్కడ 44 డిగ్రీలు తాకే రోజులు ఉంటాయి. అప్పుడు ఊళ్లో ట్రాఫిక్‌లో ఆగితే కాళ్లకు వేడి తగులుతుంది, దళసరి గుడ్డ ప్యాంటు తప్పనిసరి. కానీ కదలడం మొదలవగానే వేడి పక్కకు పోతుంది. ఎండాకాలంలో దీన్ని తెల్లవారక ముందే బయటికి తీసి పదింటికల్లా ఇల్లు చేరడం నా పద్ధతి.

స్పోకుల చక్రాల బండ్లు చూడముచ్చటగా ఉంటాయి, వాటిలో ట్యూబు ఉంటుంది. అడవి మధ్యలో పంక్చరైతే ఇంత బరువున్న బండి చక్రం విప్పడం ఒంటరి మనిషి వల్ల అయ్యే పని కాదు. అల్లాయ్ చక్రాలకు ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చాక ఆ భయం పోయింది. దోర్నాల దారిలో మేకు దిగినప్పుడు సంచిలోని సామానుతో నేనే మూసి, చిన్న పంపుతో గాలి కొట్టుకుని బయల్దేరాను. అల్లాయ్‌కి పెట్టే అదనపు డబ్బు ఈ బండి మీద పెట్టే ఖర్చుల్లో అన్నిటికన్నా సార్థకమైనది.

2023 మార్పుల్లోనే ఎల్‌ఈడీ దీపం, ఫోను చార్జింగ్‌కు హ్యాండిల్ దగ్గర రంధ్రం వచ్చాయి. దీపం అడవి చీకట్లో చాలినంత వెలుగు ఇస్తుంది. మీటర్లలో గేరు అంకె కనిపించదు, గడియారం లేదు. గేరు అంకె లేకపోవడం నాకు లోటు కాదు, ఈ ఇంజన్‌లో ఏ గేరైనా లాగుతుంది. గడియారం మాత్రం ఉండవలసింది. లీటరుకు 24, 25 కిలోమీటర్లు వస్తుంది. మూడు వందల కిలోమీటర్ల లోపలే బంకు చూసుకోవాలి. శ్రీశైలం వెళ్లేటప్పుడు ఆత్మకూరులో నింపుకుంటే నిశ్చింత.

ధర సంగతి ఇప్పుడు మారింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతమైంది, అంతకుముందు సెస్‌తో కలిపి 31 ఉండేది. 350 లోపు వాటికి 28 నుంచి 18కి తగ్గింది. దాంతో రాయల్ ఎన్‌ఫీల్డ్ 350కీ 650కీ ధరల మధ్య దూరం బాగా పెరిగింది. రోజూ ఆఫీసుకు వెళ్లిరావడమే ముఖ్యమైతే 350 తీసుకోవడమే తెలివైన పని. తేలికగా, చురుగ్గా ఉండే బండి కావాలనుకునేవాళ్లు ట్రయంఫ్ స్పీడ్ 400 చూడాలి. ఒంటి సిలిండర్, షాక్ అబ్జార్బర్లు దీనికన్నా మేలు. కానీ నలభై వేగంలో పెద్ద గేరులో వేసి వదిలేసే సుఖం అందులో దొరకదు. ఇంటర్‌సెప్టర్ ఇంజన్‌తోనే రాయల్ ఎన్‌ఫీల్డ్ తెచ్చిన బేర్ 650 గుంతల మీద నయం, సీటు మాత్రం 830 మిల్లీమీటర్ల ఎత్తు, నా కాళ్లకు అందదు. సూపర్ మీటియర్ 650 సీటు 740 దగ్గరే ఉంటుంది, బరువు 241 కిలోలు. కాంటినెంటల్ జీటీ 650 హ్యాండిల్ కిందికి ఉంటుంది, మణికట్ల మీద భారం పడుతుంది. అన్నీ చూశాకే ఇంటర్‌సెప్టర్ దగ్గర ఆగాను.

నిర్వహణ పెద్ద కష్టం కాదు. చైను ఐదు వందల కిలోమీటర్లకోసారి తుడిచి నూనె రాయాలి. దుమ్ము దారుల్లో తిరిగితే ఇంకా ముందే. వానలో తడిసి వచ్చాక సైలెన్సర్ల బిగింపులు, మరలు తుడిచి ఆరబెడితే తుప్పు దరి చేరదు. వాల్వుల సర్దుబాటుకు జంట సిలిండర్ల ఇంజన్ల మీద పని చేసిన చేయి కావాలి. మా ఊళ్లో నాకు దొరికిన మెకానిక్ పాత బుల్లెట్ల మీద చేయి తిరిగినవాడు, దీని కోసం మళ్లీ నేర్చుకున్నాడు. కొనేముందు మీ ఊళ్లో అలాంటివాళ్లు ఉన్నారో లేదో కనుక్కోండి.

షోరూములో నడిపి చూడమన్నప్పుడు ఖాళీ రోడ్డు మీద వేగంగా పోయి తిరిగి రాకండి. మూడో గేరులో 35 వేగానికి తగ్గించి, చుట్లు రెండు వేలకు కాస్త పైన ఉన్నప్పుడు మెల్లగా చెయ్యి తిప్పండి. తరువాత ఏదైనా ఎత్తైన స్పీడ్ బ్రేకర్ మీదుగా, సీటు నుంచి లేవకుండా దాటండి. తిరిగొచ్చాక ఎవరి సాయమూ లేకుండా బండిని వెనక్కి తోసి నిలబెట్టండి. వెనక కూర్చోబోయే మనిషిని ఆ రోజు తప్పకుండా వెంట తీసుకెళ్లండి.